నాలుగో గుట్ట

సోమవారం. నల్లగొండ శివారులో రేకుల ఇల్లు. పొద్దు వాలుతోంది. వాకిట్లో మంచం మీద ఇస్రాయేలు. గడప మీద, పొక్కులెక్కిన పాదాలు బకెట్ నీళ్లలో పెట్టుకొని, అతని బిడ్డ గ్లోరీ.

"...అట్లని నువ్వు ఎక్కలేదని నేనంటలేను. ఎక్కినోళ్ల బూట్లు ఎట్లుంటయో సూస్తున్న, గంతే. ఇరవై రెండేండ్లు బండ కొట్టి బతికినోన్ని, గుట్ట మీద కాలు ఎట్ల పడ్తదో నాకు ఎరుక లేదా? శనివారం రెండు, ఆదివారం మూడు. ఐదు గుట్టలు ఎక్కి దిగితే బూటు అడుగు మొత్తం ఒక్క తీరుగ అరగాలె. గిది మడమ కాడనే అరిగింది. మడమ ఎప్పుడు అరుగుతది? దిగేటప్పుడు. అంటే దిగుడు ఎక్కువ, ఎక్కుడు తక్కువ. ఎక్కకుంట ఎట్ల దిగినవే?"

"అవి వాడిన బూట్లు బాపు. నేను తొడగకముందే అరిగినయి."

"గట్లనా."

"నువ్వే గదా అంగట్ల తెచ్చినవు."

"తెచ్చిన. నేనే తెచ్చిన. అయినా సరే. మల్లొకసారి చెప్పు, మొదటి నుంచి."

"చెప్పుడు ఇది మూడోసారి."

"మూడోసారే మంచిగ తెలుస్తది."

"నన్ను గూడ బండ లెక్క సమ్మెటతోని కొట్టి చూస్తున్నవా? మూడు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి మోత ఇనుకుంట?"

"బండకు అబద్ధం రాదు. లోపల పగులుంటే మోత బొంగురుగ వస్తది. మనిషికి... మనిషికి గూడ..."

"దగ్గు వస్తాంది. నీళ్లు తాగి అడుగు. నేను యాడికి పోను."

"తాగిన. చెప్పు. మొదటిది."

"శనివారం పొద్దుగాల ఐదింటికి మన కాపురాల గుట్ట. పద్నాలుగు మందిమి. ఏడున్నరకు దిగినం. ట్రైనింగుకు ఎవరిని పంపాలెనో చూసుకుందుకు విజేందర్ సార్ ఒక్కొక్కరి టైము పుస్తకంల రాసుకున్నడు. ఆడికెల్లి తుఫాన్ బండిల దేవరకొండ."

"బండిల ఎవరి పక్కన కూసున్నవు?"

"గజాలా పక్కన."

"ఇంకో పక్క?"

"కిటికి."

"కిటికి. మంచిది. మల్ల?"

"దేవరకొండ ఖిల్లా ఎక్కి, పొద్దుమూకకముందే దిగినం. అచ్చంపేటకు పోయి బడిల పండుకున్నం. ఆరుగురు ఆడపిల్లలం ఒక రూముల. లోపలికెల్లి గొళ్లెం పెట్టుకున్నం. గజాలా గురక పెట్టింది. గది గూడ యాదివెట్టుకో."

"అడగంది చెప్పకు. అడగంది చెప్తే అనుమానం వస్తది."

"అడిగింది చెప్తే రాదా?"

"వస్తది. గది వేరే అనుమానం."

"సరే. ఆదివారం తెల్లారకముందే ఉమామహేశ్వరం గుట్ట. ఐదుంబావుకు మొదలుపెడితే ఏడింటికి పైన ఉన్నం. తర్వాత వనపర్తి కాడ పానగల్ ఖిల్లా. తర్వాత కోయిలకొండ, నాలుగింటికి మొదలుపెట్టి ఆరుకల్లా దిగిన. అయిపోయింది. ఐదు."

"నాలుగోది ఉరికిచ్చినవు."

"ఏందీ?"

"అన్నిటికి టైము చెప్పినవు. పానగల్ ఖిల్లా అని పేరు చెప్పి ఆడికెల్లి కోయిలకొండ మీదికి దుంకినవు. పొద్దుగాల గంతే, మధ్యానం అన్నం తినేటప్పుడు గంతే, ఇప్పుడు గంతే. గందుకే మూడోసారి అడిగేది."

"మర్చిపోయిన. మూడు గంటలు పట్టింది."

"ఎక్కినవా?"

"ఎక్కిన."

"పైదాక?"

"మస్తు గాలి బాపు ఆడ. టోపీలు ఎగిరిపోయినయి."

"గాలెక్కడిదే? ఆకు గూడ కదలలే. ఏం సూస్తున్నవు?"

"నీకెట్ల ఎరుక?"

"ఏంది?"

"పానగల్‌ల ఆకు కదలలేదని."

"ఆదివారం మధ్యానం గదా. మక్తల్‌ల గూడ గాలి లేకుండె. మక్తల్‌కు, పానగల్‌కు ఎంత దూరమని? గాలి అంతట ఒక్కటే."

"అవునవును. మక్తల్ కూడికకు పోయినవు గదా. మంచిగ జరిగిందా ప్రార్థన?"

"జరిగింది."

"వాక్యం ఎవరు చెప్పిండ్రు?"

"పాస్టరు."

"ఏ పాస్టరు?"

"పొడుగ్గ ఉంటడు."

"ఏం చెప్పిండు పొడుగు పాస్టరు?"

"తప్పిపోయిన గొర్రె కథ."

"మల్ల గదేనా? దొరికిందా గొర్రె?"

"దొరుకుతది గదా. ప్రతిసారి దొరుకుతది."

"దొరికినంక ఏం చేసిండు? కొట్టిండా?"

"భుజం మీద ఏసుకున్నడు. నీకెరుక లేదా? బడిల పాడుకుంట తిరిగినవు."

"నాకెరుకే. నీకు మతికున్నదా లేదా అని అడిగిన. మరి కూడికల కూసొని వచ్చినోనివి కాలు ఎందుకు కుంటుతున్నవు?"

"పక్కింటి భిక్షపతి మోటరు బండి మీద పోయొచ్చిన గదా. నడుము పట్టింది."

"నడుము పడితే కాలు కుంటుతదా?"

"నువ్వు నన్ను అడుగుతున్నవా, నేను నిన్ను అడుగుతున్ననా?"

"ఇద్దరం అడుగుతున్నం."

"ఫోన్ ఇటు తే. ఫొటోలు సూపియ్యి."

"పొద్దుగాల చూసినవు గదా."

"కండ్లద్దాలు లేకుంట సూసిన. గిది కాపురాల గుట్ట. గిది దేవరకొండ, గీ దర్వాజ నేనెరుగుదు... ఎరుగుదునని గాదు, ఎవరో చెప్పిండ్రు. గిది ఉమామహేశ్వరం. గిది కోయిలకొండ. నాలుగోది ఏది?"

"ఛార్జింగ్ అయిపోయింది."

"ఐదో గుట్ట మీద ఎట్లొచ్చింది ఛార్జింగ్?"

"తుఫాన్ బండిల పెట్టిన."

"ముందుగాలనే పెట్టకపోయినవా?"

"ముందుగాల డ్రైవర్ పెట్టుకున్నడు."

"డ్రైవర్ పేరేంది?"

"బాపు, డ్రైవర్‌కు అరవై ఏండ్లు. మనుమరాలి ఫొటో అద్దానికి అతికిచ్చుకున్నడు."

"నేను పేరడిగిన."

"యాదయ్య."

"యాదయ్య. సరే. ... ఫోన్ మోగుతాంది. ఎవరు?"

"గజాలా. తర్వాత చేస్త."

"ఎత్తు."

"ఉత్త ముచ్చటకు చేస్తది బాపు."

"ముచ్చటే ఇంటం. స్పీకర్‌ల పెట్టు."

"హలో గజాలా. మా బాపు పక్కన్నే ఉన్నడు."

"ముందే ఎందుకు చెప్తున్నవే గట్ల? ఆ పిల్ల జాగర్త పడదా?"

"సలాం అంకుల్. జాగర్త పడేటియి ఏం లేవు నా కాడ. గ్లోరీ, నువ్వు ఫోన్ ఎత్తవు, మెసేజ్ చూడవు. సార్ ఐదింటికి లిస్టు పంపుతుండు. పద్నాలుగు మందిల ఎనిమిది పేర్లు. నీది పెన్సిల్‌తోని రాసి పెట్టిండు."

"పెట్టనీ."

"పెట్టనీ ఏంది యార్? నాలుగు గుట్టలల్ల ఆడపిల్లల్ల నీదే ఫస్ట్ టైము. పానగల్ కాడ మాత్రం సున్న. ఒక్కటి తప్పినా పేరు కొట్టేయాలె, రూలు. సరైన కారణం ఉంటే వచ్చే ఆదివారం గా ఒక్క గుట్ట మల్ల ఎక్కనిస్త అంటుండు సార్."

"కారణం చెప్పిన గదా. కడుపుల నొచ్చింది."

"సార్ నమ్మలే. కడుపుల నొచ్చిన పిల్ల మూడు గంటలు ఆగి కోయిలకొండ అందరికంటే ముందు ఎట్ల ఎక్కింది అంటుండు. నేను గూడ నమ్మలే."

"నమ్మకుర్రి."

"మంచుకొండల ట్రైనింగు మల్ల రెండేండ్ల దాక లేదు. అప్పటికి నీ ఏజ్ దాటిపోతది. గురుకులంల ఉన్నప్పటి సంది నువ్వు కలవరించిందే గిది. ఎవరి కోసం ఇడిసిపెడుతున్నవో చెప్పు జర."

"గజాలా, పెట్టేయి."

"నా పక్కనే నడుస్తుంటివి. కిందికి చూసినవు. చూసి, నీళ్ల సీసా పట్టుకొని దిగినవు. ఎవరిని చూసినవో నాకు తెల్వదు. తెలిస్తే నేనే చెప్తుంటి సార్‌కు."

"పెట్టేస్తున్న."

"అంకుల్, మీరన్నా అడుగుర్రి. మా బాబా అయితే ఈపాటికి..."

"పెట్టేసినవా?"

"పెట్టేసిన."

"ఐదు ఎక్కిన అంటివి."

"అన్న."

"నాలుగే ఎక్కినవు."

"అవు."

"బిడ్డా, నేను గరం అయితలేను. సూడు, గొంతు గూడ పెంచలే. ఎవరిని సూసి దిగినవు?"

"ఎవరిని లే."

"నీళ్ల సీసా పట్టుకొని దిగినవు. కడుపునొప్పోళ్లు నీళ్లు పట్టుకొని దిగరు. దూపైనోనికి పట్టుకపోతరు."

"బాపు, నీళ్లు సల్లగైనయి. జర కాగినయి తెచ్చి పొయ్యరాదు, కాళ్లు గుంజుతున్నయి."

"మాట మార్వకు. ఎవడు వాడు?"

"వాడు అనకు."

"ఓ. గౌరవం గూడనా."

"గౌరవమే. ఏం ఉండొద్దా?"

"పెద్దోడా నీకన్నా?"

"పెద్దనే."

"మన కులపోడా?"

"బాపు..."

"చెప్పు. పెండ్లయిందా వానికి?"

"అయింది."

"అయిందా? అయిందని నవ్వుకుంట చెప్తున్నవా?"

"నవ్వుతలేను. పొక్కు చిట్లింది, మండుతాంది."

"పేరు కొట్టేస్తరంటే గూడ నోరు ఇడుస్తలేవు. గంత దాపెట్టాల్సినోడు. గంత... విజేందరేనా?"

"సార్ పేరు తీయకు."

"ఎందుకు తీయొద్దు? లిస్టు రాసేది వాడు. టైము రాసుకునేది వాడు. ఆడపిల్లలను గుట్టల పొంటి తిప్పేది వాడు. నేను సంతకం పెట్టిన రోజే అనుకున్న. చేతులు కట్టుకొని నిలవడ్డడు, 'మీ అమ్మాయి బాధ్యత నాది' అన్నడు. నేను అడిగిన్నా? అడగంది ఎందుకు చెప్పిండు?"

"అందరి నాయినలకు చెప్పిండు గట్లనే."

"అందరి బిడ్డల ఎనక బండ గుండు సాటుకు పోయిండా మరి?"

"ఏ గుండు?"

"పానగల్ ఖిల్లా మీద, సగం దారిల, నామం పెట్టినట్టు తెల్ల చార ఉంటది సూడు, గా గుండు. నువ్వు దాని ఎనక ఉన్నవు. వాడు పై నుంచి దిగొచ్చిండు. అటు ఇటు సూసిండు. గుండు ఎనకకు పోయిండు."

"గుండు మీద తెల్ల చార ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"ఎరుక."

"మక్తల్‌ల కూసొని? పొడుగు పాస్టరు చెప్పిండా?"

"మక్తల్ పోలే."

"మరి?"

"పోలే అంటున్న గదా. మల్ల మల్ల అడుగుతవేంది?"

"నువ్వే నేర్పినవు. మూడోసారి మంచిగ తెలుస్తది."

"భిక్షపతి బండి తీసుకొని మీ తుఫాన్ ఎనక వచ్చిన. గంతే. ఏం, తండ్రి ఎనక రావొద్దా? మొదటి గుట్ట మొత్తం ఎక్కిన. దేవరకొండ గూడ ఎక్కిన, జర ఆగి ఆగి. అచ్చంపేటల మీ బడి ఎదురుంగ అరుగు మీద పండుకున్న. ఉమామహేశ్వరం మీరు దిగేసరికి నేను ముప్పావు దాక ఎక్కిన. నాలుగోది సగం. ఐదోది కింద చాయ బండి కాడ నిలవడ్డ."

"ఊపిరితిత్తులల్ల బండల దుమ్ము పెట్టుకొని."

"దుమ్ముదేమున్నది. ఇరవై రెండేండ్ల సంది ఉన్నది."

"పత్తి ఏరబోతే అమ్మ ఎనక గూడ గిట్లనే పోయినవంట."

"ఎవలు చెప్పిండ్రు?"

"అమ్మనే చెప్పింది. తుమ్మ చెట్టు సాటుకు పొద్దంత నిలవడ్డవంట. పక్కోళ్లు చూసి నవ్విండ్రంట. నెల దాక నీతోని మాట్లాడలేదంట."

"నెల కాదు. నలభై దినాలు. గప్పుడు నువ్వు పుట్టలే."

"ఏం దొరికింది గా దినం?"

"ఏం దొరుకుతది? పత్తి ఏరింది, సద్ది తిన్నది, ఇంటికొచ్చింది. నేను ఆమె కంటే ముందు ఉరికొచ్చి పొయ్యి కాడ కూసున్న."

"మరి నిమ్మలమైతివా?"

"లేదు. గదే కదా. ఏం దొరకకపోతే, మనం సూడనప్పుడు అయిందేమో అనిపిస్తది. నాకు ఇష్టమైతదనుకుంటున్నవా బిడ్డా? వద్దనుకుంటనే లేస్త పొద్దుగాల. కాళ్లు ముందుగాలనే చెప్పులు తొడుక్కుంటయి. మనసు ఎనక నుంచి వద్దురా వద్దురా అనుకుంట వస్తది. దొరకాలని ఉండదు. దొరకకపోతే నిద్ర రాదు. నా అసొంటోన్ని ఏ దవాఖానల సూస్తరో నాకు తెల్వదు. దుమ్ముకైతే ఫొటో తీస్తరు, దీనికి తీయరు."

"నిన్న ఏం దొరికింది?"

"నిన్న దొరికింది. గందుకే అడుగుతున్న."

"ఏం చూసినవో మొత్తం చెప్పు. ఒక్కసారే. నేను నడుమల మాట్లాడ."

"సగం ఎక్కినంక దమ్ము ఆగింది. రాదు, పోదు. గుండు కింద కూలబడ్డ. మీ పచ్చ టోపీలు పైకి పోతున్నయి. లెక్కవెట్టిన. పదమూడు. తప్పు లెక్కవెట్టిన్నేమో అని మల్ల లెక్కవెట్టిన. పదమూడే. నువ్వు లేవు. గంతల వాడు దిగొచ్చిండు. నేను కూసున్న దాని మీది గుండు ఎనకకే పోయిండు. ఏమో గుసగుస అన్నడు. నీ గొంతు ఇనవడ్డది. 'మీరు పోర్రి సార్, నేను ఉంట' అన్నవు. వాడు పైకి పోయిండు. అంటే ఇంకోడున్నడు. సార్‌ను పంపిచ్చేసి వానితోని ఉన్నవు."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. లేద్దామనుకున్న. గుండును పట్టుకొని లేద్దామనుకున్న. కాళ్లు లేస్తలేవు. కండ్లు మసకలు వస్తున్నయి. నా బిడ్డ పది గజాల దూరంల... పది గజాలు గూడ లేదు, ఎవనితోనో ఉన్నది, నేను లేవలేకపోయిన. గంత నిక్కచ్చిగ దొరికిచ్చుకొని లేవలేకపోయిన. గట్ల రెండు గంటలు."

"రెండు గంటలు ఏం చేసినవు?"

"ముందుకు ఒరిగి కూసున్న. కండ్లు మూసుకున్న జరసేపు. దూపతోని నాలుక లోపలికి గుంజుతాంది. కండ్లు తెరిచేసరికి పక్కన నీళ్ల సీసా ఉన్నది. ఎక్కేటోళ్లు ఎవరో మర్చిపోయిండ్రు. ముందుగాలనే ఉండెనేమో, నేను సూడలేదేమో. గా నీళ్లతోని బతికిన."

"నిండుగ ఉండెనా సీసా?"

"నిండుగనే ఉండె."

"మూత?"

"మూత ఊకనే పైన పెట్టి ఉండె. తిప్పి లేదు. గిదంత ఎందుకు నీకు?"

"నిండు సీసా మూత తిప్పకుంట ఎవరు మర్చిపోతరు బాపు?"

"ఎవరో. నాకేమెరుక."

"దమ్ము పట్టినప్పుడు నీ ఏళ్లకు బలముండదు. పోయిన వానకాలం దవాఖానల గట్లనే గదా, మూత తీయరాక సీసాను నోటితోని కొరికినవు. గా రెండు గంటలల్ల నా గొంతు కాకుంట ఇంకొకని గొంతు వినబడ్డదా నీకు?"

"లేదు."

"ఒక్క మాట, ఒక్క నవ్వు?"

"లేదు. గదే గదా అడుగుతున్న. గంత సప్పుడు లేకుంట ఎవనితోని ఉన్నవే నువ్వు?"

"నీతోని."

"నాతోనా?"

"నీతోనే ఉన్న బాపు. నీ ఈపు చూసుకుంట, దమ్ములు లెక్కవెట్టుకుంట. నిమిషానికి నలభై ఉండె మొదలు. ముప్పై అయినంక నేను గూడ ఊపిరి తీసుకున్న."

"ఉట్టిగనే అంటున్నవు."

"నీ ఎడమ చెప్పు ఊడి జారిపోయింది. నువ్వు కండ్లు మూసుకున్నప్పుడు తెచ్చి కాలి కాడ పెట్టిన. తప్పు కాలి పక్కకు పెట్టిన, తొందరల. నువ్వు లేచి తికమకపడ్డవు."

"గది... గది నేను... మరి ముందుకు ఎందుకు రాలే?"

"వస్తే లేస్తవు. అరుస్తవు. డాక్టరమ్మ ఏం చెప్పింది? దమ్ము పట్టినప్పుడు లేవొద్దు, మాట్లాడొద్దు, కోపం తెచ్చుకోవద్దు. నన్ను చూస్తే మూడూ ఒక్కసారే చేస్తవు. దాసుకున్ననని నువ్వు అనుకుంటున్నంతసేపు నువ్వు సప్పుడుగాకుంట కూసుంటవు."

"సార్‌ను పిలవకపోయినవా? మోసుకొస్తుండె గదా."

"ముప్పైకి రాకపోతే పిలుద్దామనే కూసున్న. పిలిస్తే అందరు దిగొస్తరు. గ్లోరీ వాళ్ల బాపు బిడ్డ ఎనక దొంగ తీరుగ వచ్చిండని పదమూడు మంది చూస్తరు. నిన్ను."

"నన్ను ఎప్పుడు సూసినవు? పానగల్ కాడనా?"

"శనివారం పొద్దుగాల ఐదింటికే చూసిన. భిక్షపతి మామ బండి సప్పుడు కాలనీ మొత్తానికి ఎరుక. మార్చి నెలల మంకీ టోపీ ఎవరు పెట్టుకుంటరు బాపు?"

"సలి పెట్టింది."

"అచ్చంపేటల దోమల చుట్ట ఒకటి అంటించి, గజాలాతోని అరుగు మీద పెట్టిచ్చిన. ఎవరో ముసలాయన పండుకున్నడు పాపం అని చెప్పి."

"ముసలాయన అన్నవా?"

"మరేమనాలె?"

"కోయిలకొండ అందరికంటే ముందు ఎక్కినవంట."

"జల్ది దిగాలె గదా. నువ్వు కింద చాయ బండి కాడ ఒక్కనివే ఉన్నవు. మల్ల ఎనక ఎక్కుతవేమోనని వెనకకు మర్రి చూసుకుంటనే ఎక్కిన. గందుకే తొందరగ అయింది. సార్ శభాష్ అన్నడు."

"మరి నిన్ననే చెప్పరాదు సార్‌కు? గిది సరైన కారణం గాదా? తండ్రికి పానం బాగలేకుండె అని. ఎవరు కాదంటరు?"

"తండ్రి ఆడికి ఎందుకొచ్చిండు అని అడుగుతడు."

"అడిగితే?"

"ఏం చెప్పాలె? మా బాపు నన్ను నమ్మడు అని చెప్పనా? కడుపునొప్పి మంచిగుండె. కడుపునొప్పితోని ఎవరికి ఇజ్జత్ పోదు."

"మంచుకొండలు పోతయి గదనే."

"పోతే పోనీ. లే బాపు, కాగిన నీళ్లు తేవు గాని, గా తువ్వాల అయినా ఇటు ఇయ్యి. అమ్మ వచ్చే యాళ్లయింది. అన్నం పెట్టాలె."

"టైమెంత?"

"ఎందుకు?"

"ఎంత?"

"నాలుగు యాభై రెండు."

"ఫోన్ తే."

"మల్ల ఫొటోలా?"

"నెంబరు కొట్టి ఇయ్యి. గాయినది."

"ఎవరిది? సార్‌దా? వద్దు బాపు. ఇప్పుడు కోపంల ఉన్నవు, ఏమన్నా అంటవు."

"కోపంల లేను. కొట్టు."

"ఆఫీసుల అందరు ఉంటరు. నువ్వు మాట్లాడితే అందరికి వినబడ్తది. రేపు పోయి నిమ్మలంగ..."

"రేపటికి ఐదు దాటుతది. కొట్టు బిడ్డా."

"దగ్గు వస్తే పెట్టేయి. మెల్లగ మాట్లాడు."

"మోగుతాంది... హలో. విజేందర్ సారా? నమస్తే సార్. నేను గ్లోరీ వాళ్ల బాపును. ఇస్రాయేలును. ... అవు సార్, సంతకం పెట్టిన గదా, గా ఇస్రాయేలునే. సార్, నిన్న పానగల్ కాడ బిడ్డ మీకు అబద్ధం చెప్పింది. కడుపునొప్పి గాదు. మీరు గుండు ఎనకకు వచ్చినప్పుడు, దాని కింద ఇంకో మనిషి కూసొని ఉండె, దమ్ము రాక. గది నేనే సార్. ... లేదు, ఇప్పుడు మంచిగున్న. ... లేదు సార్, ఆమె రమ్మనలే, చెప్పకుంట వచ్చిన. రెండు దినాలు మీ ఎనకనే ఉన్న. ... ఎందుకంటే... రాసుకుంటున్నరా? కాయిదం మీద కారణం ఉండాల్నా? ... సరే, రాయుర్రి. తండ్రి బిడ్డను నమ్మలే. ... ఇనవడ్డది గదా సార్, గట్లనే రాయుర్రి."